రాధారాణి నడవని వీధులు

ఓడ నేపుల్స్ రేవులో ఆగిన ఉదయం రేణు తండ్రి శ్రీధర్ కడుపులో తిప్పుతోందంటూ మంచం దిగలేదు. అతనికి వాంతుల మాత్ర ఇద్దామని శశికళ హ్యాండ్‌బ్యాగ్ వెతికిన రేణుకి మాత్రకి బదులు నల్ల అట్ట నోట్‌బుక్ ఒకటి దొరికింది. అట్ట మీద ఇంగ్లీషులో తన తల్లి పేరుంది. రాధారాణి. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. లోపలంతా తెలుగు. అమెరికాలో, పిస్కాటవేలో పుట్టి పెరిగిన పదిహేనేళ్ళ రేణుకి తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవటం రాదు. అయితే ఆ చేతిరాత ఎవరిదో పోల్చుకోవడానికి చదువు రానక్కర్లేదు. రెండేళ్ళుగా వాళ్ళింట్లో ఫ్రిజ్ తలుపు మీద అంటించే సరుకుల చీటీల్లో ఉన్నది ఆ రాతే. తలకట్లన్నీ ఒకవైపుకి వాలిపోయి, సున్నాలు కోడిగుడ్లలా సాగిపోయి ఉండే ఆ రాత శశికళది. తండ్రి రెండో భార్యది.

పోయిన వారం మనం రేణుని వదిలింది అక్కడే. నోట్‌బుక్‌ని తన వీపుసంచిలో వేసుకుని, ఏమీ ఎరగనట్టు పాంపే వెళ్ళే టూర్ బస్సెక్కింది.

బస్సులో ఆమె శశికళ పక్కన కూర్చోలేదు. ఒహాయో నుంచి వచ్చిన ముసలి దంపతుల వెనక సీటులో కిటికీకి తల ఆనించి కూర్చుంది. శశికళకి అది కొత్త కాదు. ఈ రెండేళ్ళలో రేణు ఆమెని ఏమనీ పిలవలేదు. అమ్మా అనలేదు, ఆంటీ అనలేదు, పేరు పెట్టీ పిలవలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే ఎదురుగా వచ్చి నిలబడేది. పై అంతస్తులో ఉన్నప్పుడైతే కిందికి దిగి వచ్చి మరీ చెప్పేది. పదిహేనేళ్ళ పిల్ల పిలుపు తప్పించుకోవడానికి అన్ని మెట్లు దిగడం చూసి శశికళ ఒకోసారి నవ్వుకునేది, ఒకోసారి నవ్వు రాక ఊరుకునేది.

పాంపే ద్వారం దగ్గర గైడు అందర్నీ పోగు చేసి, మధ్యాహ్నం ఒంటిగంటకి బస్సు కదులుతుందనీ, ఓడ అయిదింటికి బయల్దేరుతుందనీ, ఎవరికోసమూ ఆగదనీ రెండుసార్లు చెప్పాడు. ఏటవాలు రాళ్ళబాట ఎక్కి లోపలికి వెళ్తే పెద్ద మైదానం, చుట్టూ విరిగిన స్తంభాలు, వాటి వెనక నీలంగా ఆ కొండ. పంతొమ్మిది వందల ఏళ్ళ కిందట ఆ కొండ పేలి, ఊరంతటినీ ఒక్కరోజులో బూడిద కింద పూడ్చేసిందని గైడు చెబుతున్నాడు. అందరూ కొండ వైపు తిరిగి ఫొటోలు తీసుకుంటున్నారు.

రేణు మాత్రం ఒక స్తంభం పక్కన నిలబడి శశికళనే చూస్తోంది.

శశికళ లేతనీలం నూలు చీర మీద తెల్ల టెన్నిస్ బూట్లు వేసుకుంది. నీళ్ళసీసా తీసి ఒక గుక్క తాగి, బ్యాగులో చెయ్యి పెట్టింది. చెయ్యి ఆగిపోయింది. లోపలున్నవన్నీ పైకీ కిందికీ చేసింది. తర్వాత బ్యాగుని నేలమీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, పాస్‌పోర్టులూ మందులూ తువ్వాలూ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. పక్కనున్న ముసలావిడ ఏం పోయిందని అడిగితే తలెత్తలేదు. ఏనాడూ కంగారు పడని మనిషి అలా వెతకడం చూస్తుంటే రేణు వీపుసంచి పట్టీ బిగించింది. తను గెలిచానని అనుకోవాల్సిన క్షణం అది. కాని అలా అనిపించలేదు.

ఆమె గుంపు వదిలి, మైదానానికి ఎడంగా పోయే పొడుగాటి వీధిలోకి నడిచింది. కొంతదూరం పోయాక వెనక బూట్ల చప్పుడు వినిపించింది. పరిగెత్తుతున్న చప్పుడు కాదు, తొందరగా నడుస్తున్న చప్పుడు.

పైకప్పు లేని ఒక రొట్టెల దుకాణం దగ్గర రేణు ఆగింది. లోపల నాలుగు నల్లరాతి తిరగళ్ళు నిలబడి ఉన్నాయి, ఒక్కోటీ ఆమె భుజమంత ఎత్తు. వాటి వెనక ఇటుకల పొయ్యి. గోడనీడలో తిరగలికి ఆనుకుని నిలబడి, సంచిలోంచి నోట్‌బుక్ తీసి పట్టుకుంది.

శశికళ గుమ్మంలోకి వచ్చి దాన్ని చూసింది. ఆమె ముఖంలో మొదట కనిపించింది భయం కాదు. పోయిన వస్తువు దొరికినప్పటి నిమ్మళం. భయం తర్వాత వచ్చింది.

"మామ్ పేరు," అంది రేణు. "నీ హ్యాండ్‌రైటింగ్. నీకు మామ్ ఎలా తెలుసు?"

శశికళ గోడవార ఉన్న రాతి అరుగు మీద కూర్చుంది.

"నేను ఆవిడ నర్సుని," అంది.

శశికళ నర్సని రేణుకి తెలుసు. న్యూబ్రన్స్‌విక్‌లో ఉద్యోగమనీ తెలుసు. ఎడిసన్‌లో ఉండే జానకీదేవి ఆంటీ సంబంధం చెప్పిందనీ, అలా నాన్నకి పరిచయమైందనీ ఇంట్లో చెప్పారు. తన తల్లి చివరి ఏడు వారాలూ పడుకున్న గదిలో రోజూ ఈవిడ ఉందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ గదిని రేణు సాయంత్రాలే చూసింది. స్కూలయ్యాక, తండ్రి ఆఫీసు నుంచి వచ్చాక, ఆరింటికి వెళ్ళేవాళ్ళు. పగటిపూట అక్కడ ఏం జరిగేదో ఆలోచించనేలేదు.

ఇప్పుడు ఆలోచించింది. ఆలోచిస్తే ఒక్క ప్రశ్న మిగిలింది. అది అడగడానికి ఆమెకి తెలుగు మాటలు వెంటనే దొరకలేదు.

"డాడ్ నీకు అప్పుడే తెలుసా? మామ్ ఉన్నప్పుడే?"

శశికళ ఆ ప్రశ్న కోసం రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నట్టుంది. తలొంచుకోలేదు.

"ముఖం తెలుసు. నా డ్యూటీ మూడింటికి అయిపోయేది, మీ నాన్నగారు వచ్చేది ఆరింటికి. నేను లేటైన రోజు రెండుసార్లు లిఫ్ట్ దగ్గర కనిపించారు. ఒకసారి, ఆవిడ ఏమన్నా తిన్నదా అని అడిగారు. తిన్నారండీ అన్నాను. అంతే. ఒట్టు వెయ్యమంటే వేస్తాను."

రేణు వెయ్యమనలేదు. నమ్మాననీ చెప్పలేదు. నోట్‌బుక్ పైకెత్తి, మరి ఇదేమిటన్నట్టు చూసింది.

శశికళ చెప్పుకొచ్చింది. రాధారాణికి వచ్చింది నరాల జబ్బు. ముందు చేతులు పోయాయి, మాట పోవడానికి ఇంకా కొంత వ్యవధి ఉంది. ఆసుపత్రిలో చేరిన రెండోరోజు, సెలైన్ గొట్టం ఊడిపోతే శశికళ తనలో తను "అయ్యో, ఊడిందే" అని గొణుక్కుంది. మంచం మీంచి ఆవిడ, "నువ్వు ఏలూరు వైపు పిల్లవా?" అని అడిగింది. అలా మొదలైంది. డ్యూటీ దిగాక శశికళ కోటు వేసుకుని మళ్ళీ ఆ గదికి వచ్చి ఒక గంట కూర్చునేది. మొదట్లో కబుర్లే. బందరు కాలేజీలో హిస్టరీ చెప్పిన రోజుల గురించి, పిస్కాటవే లైబ్రరీలో తెచ్చుకున్న పుస్తకాల గురించి. అరవై ఆరులో బొంబాయి నుంచి ఓడెక్కి, సూయజ్ దాటి, నేపుల్స్‌లో ఓడ మారి అమెరికా వచ్చారు రాధారాణీ శ్రీధరూ. అప్పుడు ఆవిడ కొండ చూసింది గాని పాంపే చూడలేదు. ఆ లోటు తీర్చుకోవడానికి పద్నాలుగేళ్ళు పుస్తకాల్లోనే ఆ ఊరంతా తిరిగింది. ఏ వీధి పక్కన ఏ వీధి ఉందో, ఏ మలుపులో నూతి గట్టు ఉందో ఆవిడకి నోటికి వచ్చు.

ఒకరోజు, "ఒక నోట్‌బుక్ కొనుక్కురా," అంది. "రేణుని ఆ ఊరు తిప్పుతాను."

"నాకు చెబుతూ ఉంటే నేను రాశాను," అంది శశికళ. "ఒక్కో వాక్యం రాసి మళ్ళీ చదివి వినిపించేదాన్ని. తప్పుంటే తల అడ్డంగా ఊపేది. మొదట్లో రోజుకి నాలుగు పేజీలు అయ్యేవి. ఆఖర్న మాట ముద్దగా అయిపోయింది. ఒక పేజీకి మూడు రోజులు పట్టింది."

రేణుకి ఆ ముద్దమాట గుర్తుంది. సాయంత్రాలు తల్లి ఏదో అంటే తనకి సగం అర్థమయ్యేది కాదు. అర్థమైనట్టు తల ఊపేది. మళ్ళీ అడిగితే తల్లి అలసిపోతుందని భయం. పదకొండు నిండని పిల్ల. ఇంటికొచ్చాక తలుపు వేసుకుని, అమ్మ ఏమని ఉంటుందో అని ఊహించుకుంటూ పడుకునేది.

"నువ్వు రెండేళ్ళు మా ఇంట్లో ఉన్నావు," అంది నెమ్మదిగా. "ప్రతిరోజూ నా పక్కన కూర్చుని సీరియల్ తిన్నావు. మామ్ లాస్ట్‌లో ఏం మాట్లాడిందో నీకు తెలుసు. నాకు తెలీదు. నాకు చెప్పలేదు నువ్వు."

ఈసారి శశికళ తలొంచుకుంది.

తను చేసింది తప్పేనంది. రాధారాణి పోయిన ఏడాదికి నోట్‌బుక్ ఇద్దామనే వాళ్ళింటికి వెళ్ళింది. తలుపు తీసింది శ్రీధర్. అతని వెనక మెట్ల మీద రేణు కూర్చుని ఉంది. ఆ పిల్ల వచ్చినామె వంక చూసి, చూడగానే లేచి పైకి వెళ్ళి తలుపు వేసుకుంది. శశికళ నోట్‌బుక్ సంగతి ఎత్తలేకపోయింది. ఆవిడ జ్ఞాపకం వచ్చి చూసి పోదామని వచ్చానంది. శ్రీధర్ కూర్చోమన్నాడు. రాధ పగళ్ళు ఏం మాట్లాడేదో చెప్పమన్నాడు, చెబుతూంటే ఏడ్చాడు. మళ్ళీ రమ్మన్నాడు. ఆ తర్వాత జరిగినవి ఎవరూ అనుకుని చేసినవి కావు. జానకీదేవి మాట సాయం చేసిన మాట నిజమే గాని, అంతకుముందే ఇద్దరి మనసుల్లోనూ ఉంది. ఆసుపత్రి సంగతి పిల్లకి ఇప్పుడే వద్దు, మళ్ళీ బెంగ పడుతుందని శ్రీధర్ అన్నాడు. శశికళ సరేనంది. నోట్‌బుక్ గురించి అతనికీ చెప్పలేదు.

"పెళ్ళయ్యాక ఇస్తే, నిన్ను మంచి చేసుకోవడానికి ఇచ్చానని అనుకుంటావేమోనని భయపడ్డాను. ఇవ్వని ప్రతి నెలా ఇవ్వడం ఇంకా కష్టమైంది. ఆవిడ నీకు పదిహేనేళ్ళు నిండాక ఇమ్మంది. ముందిస్తే దాచుకుని ఏడుస్తుంది, ఆలస్యం చేస్తే అక్కర్లేదంటుంది అని. వీలుంటే అక్కడికే తీసుకెళ్ళి చదివి వినిపించు అని నవ్వింది. నర్సుకి అదెలా వీలవుతుందని ఆ నవ్వు. మొన్న మార్చిలో నీకు పదిహేను వెళ్ళాయి. ఆ వారమే ఈ టికెట్లు బుక్ చేశాను. ఇవాళ ఇక్కడ ఇద్దామనే తెచ్చాను. రాత్రంతా ఎలా మొదలుపెట్టాలా అనుకుంటూ పడుకున్నాను. నువ్వే మొదలుపెట్టావు."

వీధిలో జర్మన్ యాత్రికుల గుంపు ఒకటి వెళ్ళింది. వాళ్ళ మాటలు దూరమయ్యేదాకా రేణు తిరగలి అంచుని వేలితో రాస్తూ నిలబడింది. కోపం పోలేదు. కాని ఆ కోపం కంటే పెద్దదొకటి చేతిలో ఉంది. ఎవరో ఒకరు చదివితే తప్ప తెరుచుకోనిది. చదవగలిగిన మనిషి ఎదురుగా ఉంది.

నోట్‌బుక్ శశికళ చేతికిచ్చింది.

"చదువు. ఫస్ట్ పేజీ నుంచి."

శశికళ మొదటి పేజీ తీసి, చూసి, తలెత్తింది. ఇది గేటు దగ్గర మొదలవుతుంది, అంది.

"అయితే గేట్ దగ్గరికి వెళ్దాం."

ఆ ఎండలో ఇద్దరూ వచ్చిన దారినే వెనక్కి నడిచారు. ఎదురొచ్చే యాత్రికుల్ని తప్పించుకుంటూ మైదానం దాటి, ఏటవాలు బాట దిగి, సరిగ్గా ద్వారం దగ్గరికి వచ్చి, మళ్ళీ లోపలికి తిరిగి నిలబడ్డారు. టికెట్లు చింపే మనిషి వాళ్ళని వింతగా చూశాడు. శశికళ కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

"'రేణూ, ఈ ఏటవాలు రాళ్ళు నున్నగా ఉంటాయి. చెప్పులేసుకొస్తే నీదే తప్పు. బూట్లు వేసుకున్నావా? నీళ్ళు తెచ్చుకున్నారా? సరే పద. ఎవరి చెయ్యన్నా పట్టుకుని ఎక్కు.'"

అది శశికళ గొంతే, మాట తీరు మాత్రం అమ్మది. ముందు సంజాయిషీ అడిగి తర్వాత పద అనే మనిషి తన అమ్మ ఒక్కతే. రేణు తన బూట్ల వంక చూసుకుంది. చెయ్యి పట్టుకోలేదు గాని, శశికళకి దగ్గరగా నడిచింది.

అలా వెళ్ళారు. ఒక పేరా చదవడం, అది చెప్పిన చోటికి నడవడం, ఆగి మళ్ళీ చదవడం. పెద్దవీధిలో రాళ్ళ మీద పడ్డ లోతైన బండిచక్రాల గాడుల్ని చూడమంది రాధారాణి. "ఎన్ని బండ్లు పోతే రాయి ఇంత అరుగుతుందో లెక్క వెయ్యి, నువ్వు లెక్కల్లో దిట్టవి కదా" అంది. వీధికి అడ్డంగా ఎత్తైన దాటుడు రాళ్ళు ఉన్నాయి, వానొస్తే కాళ్ళు తడవకుండా దాటడానికి. "తొక్కుడుబిళ్ళ ఆడినట్టు గెంతు" అంది. రేణు చుట్టూ చూసి, ఎవరూ తమని గమనించడం లేదని నమ్మకం కుదిరాక, మూడు గెంతుల్లో అవతలికి చేరింది. పెద్ద పెద్ద చిల్లులున్న చలవరాతి బల్లల దుకాణాల దగ్గర, "ఇవి వీళ్ళ మెక్‌డొనాల్డ్స్. వంటకి బద్ధకమైన ఆడవాళ్ళు ఇక్కడ కొనుక్కుపోయేవాళ్ళు. నేనీ ఊళ్ళో పుట్టుంటే వారానికి నాలుగు రోజులు ఇక్కడే" అని ఉంది. రేణు నవ్వింది. ఆ నవ్వు తనకే వింతగా వినిపించింది.

బట్టల దుకాణాలుండేవన్న మలుపు దగ్గర శశికళ గొంతు కాస్త నెమ్మదించింది.

"'మా బందరు పక్క రేవుల నుంచి సన్నని నూలుబట్టలు ఓడలెక్కి ఈ దేశానికి వచ్చేవి రేణూ. పుస్తకాల్లో ఉంది. ఈ వీధిలో ఎవరో ఒకామె మా ఊరి బట్ట కట్టుకుని నడిచే ఉంటుంది. నేను నడవలేదు గాని, మా ఊరి నేత నడిచింది.'"

శశికళ చీర కుచ్చిళ్ళు రాళ్ళ మీద ఆనుతున్నాయి. రేణు ఆ అంచు వంక చాలాసేపు చూసింది.

తర్వాతి పేజీ సగం చదివి శశికళ ఆగింది. ఏమైందని రేణు అడిగింది. ఇక్కడ నాతో అన్న మాటలు కూడా ఉన్నాయంది శశికళ. ఆవిడ ఏ మాటంటే ఆ మాట రాసుకుపోవడం అలవాటై, పక్కకి తిరిగి అన్నవీ రాసేసింది.

"అవి కూడా చదువు."

"'బూడిదలో పోయినవాళ్ళ బొమ్మల్ని అద్దాలపెట్టెల్లో పెట్టారట. శశీ, రేణుని అటు తీసుకెళ్ళొద్దు. నేను ఫొటోలో చూశాను, ఒకామె ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని ఉంది. నాకు చేతులు రావడం లేదు. శశీ, ఇది రాయకు. నాకు భయంగా ఉంది. రాయకన్నానా?'"

ఇద్దరూ వీధి మధ్యలో నిలబడిపోయారు. ఇటాలియన్ కుటుంబం ఒకటి వాళ్ళని చుట్టుకుని వెళ్ళింది.

తన దగ్గర తల్లి ఏనాడూ భయమన్నమాట అనలేదు. రోజూ సాయంత్రం ఆరింటికి జుట్టు దువ్వించుకుని, నుదుట బొట్టు పెట్టించుకుని, నవ్వుముఖంతో ఉండేది. ఆ భయాన్ని మధ్యాహ్నాలు మూడు నుంచి నాలుగు దాకా ఇంకొకరి దగ్గర దింపుకుని, తన దగ్గరికి తేలిగ్గా వచ్చేదన్నమాట. ఆ జుట్టు దువ్వింది ఎవరో, ఆ బొట్టు పెట్టింది ఎవరో రేణుకి ఇప్పుడు అడగకుండానే తెలిసింది.

"రాయొద్దంటే ఎందుకు రాశావు?"

"చెయ్యి ఆగలేదు. తర్వాత చదివి వినిపించాను. కొట్టెయ్యమంటుందనుకున్నాను. అనలేదు. ఉండనీ, పెద్దయ్యాక తెలియాలి అంది."

రేణు కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తింది. శశికళ బ్యాగులోంచి తువ్వాలు తీసి ఇచ్చింది. దగ్గరికి తీసుకోలేదు. తీసుకోవాలని ఎంత ఉన్నా, అది రేణు అడగాలి, తను చెయ్యకూడదు. ఎండకి అడ్డంగా నిలబడింది, అంతే. కాసేపటికి రేణే ఆమె భుజానికి నుదురు ఆనించింది. చేతులు చుట్టలేదు. నుదురు మాత్రం అక్కడే ఉంచింది. శశికళ కదలకుండా నిలబడింది, కదిలితే ఆ బరువు తీసేసుకుంటుందేమోనన్నట్టు.

"మామ్ నిన్ను శశీ అనేదా?" అంది రేణు, భుజంలోకే.

"అవును."

"ఓకే," అంది. అని తలెత్తింది. "నెక్స్ట్ ఏంటి, శశీ?"

శశికళ వెంటనే పేజీ తిప్పలేకపోయింది. అక్షరాలు కనపడలేదు.

తర్వాతది ఒక ఇల్లు. రాజుల్లాంటి వాళ్ళ ఇళ్ళన్నీ వదిలేసి, పక్కసందులో రెండు గదులూ ఒక పెరడూ ఉన్న చిన్న ఇంటిని రాధారాణి తమ కోసం ఎంచుకుంది. "ఇది మనిల్లు. ఎడమ గది నీది. దుప్పటి మడత పెట్టకుండా స్కూలుకి పోకు." సందు దొరికింది, ఇల్లూ దొరికింది. కాని ఇనప కటకటాలకి తాళం వేసి ఉంది. మూడున్నరేళ్ళ కిందట భూకంపంలో గోడలు పగిలాయని, అప్పట్నుంచీ ఇలాంటివి చాలా మూసేశారని కాపలా మనిషి వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో సైగ చేసి చెప్పాడు. ఆ సంగతి రాధారాణికి తెలియదు. భూకంపం వచ్చిన నవంబరుకి ఆవిడ పోయి పది నెలలు.

కటకటాల సందులోంచి ఇద్దరూ తొంగి చూశారు. ఎడమ గది నేల మీద ఎండ పడి ఉంది. పెరట్లో ఎవరో ఈమధ్యే నాటిన దానిమ్మ మొక్క. రేణు కటకటాల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి, అందినంత మేర గోడని తాకి వచ్చింది.

శశికళ నోట్‌బుక్ మూసింది. మూస్తున్నప్పుడు ఇంకో పేజీ రాసి ఉండటం రేణు చూసింది. అక్షరాలు అదే రాత గాని, వరసలు దగ్గర దగ్గరగా ఉన్నాయి.

అది నేను చదవకూడదంది శశికళ. మీ నాన్నగారి కోసం రాసింది. ఆయన చదవాలి, నువ్వు పక్కన ఉండాలి. ఆవిడ అలాగే చెప్పింది.

రేణు ముఖం మళ్ళీ బిగిసింది. "ఇంకో సీక్రెటా?"

"అవును. కాని ఇది నాది కాదు. నేను రాసినదాన్ని మాత్రమే."

ఆమె గొంతులో ఇందాకటి బెరుకు లేదు. జాలి ఉంది. ఆ జాలి తన మీదో, తండ్రి మీదో రేణుకి తెలియలేదు. ఒంటిగంట కావస్తోంది. ఇద్దరూ పెద్దవీధి వెంట, మైదానం దాటి, ఏటవాలు బాట దిగారు. ఈసారి దిగేటప్పుడు రాయి జారితే రేణు శశికళ చెయ్యి పట్టుకుంది. దిగాక వదలడం మర్చిపోయింది.

ద్వారం బయట, నిమ్మకాయల బండి పక్కన బల్ల మీద శ్రీధర్ కూర్చుని ఉన్నాడు.

గడ్డం గీసుకోలేదు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. చేతిలో నేపుల్స్ నుంచి వచ్చే చిన్నరైలు టికెట్టు నలిగిపోయి ఉంది. కడుపులో బాగుందా, ఎప్పుడొచ్చారని శశికళ అడిగింది. పదిన్నరకే వచ్చానన్నాడు. రెండున్నర గంటలుగా అక్కడే ఉన్నాడట. లోపలికి ఎందుకు రాలేదని రేణు అడిగితే, రాలేకపోయానన్నాడు. కడుపులో ఏమీ లేదనీ, నేపుల్స్‌లో దిగడానికి ధైర్యం చాలక పొద్దున అబద్ధమాడాననీ చెప్పాడు. అప్పుడు అతని చూపు శశికళ చేతిలోని నల్ల అట్ట మీద, ఆ అట్ట మీది పేరు మీద పడింది.

శశికళ అతని పక్కన కూర్చుని రెండు ముక్కల్లో చెప్పింది. రాధ చెబితే తను రాశానని, రేణుకి అంతా చదివి వినిపించానని, ఆఖరి పేజీ ఒక్కటీ మీకని. ఆ పేజీ తీసి అతని ఒళ్ళో పెట్టింది.

శ్రీధర్ చదవడం మొదలుపెట్టాడు. బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. గైడు చెయ్యి ఊపి పిలుస్తున్నాడు. శ్రీధర్ చదువుతూనే ఉన్నాడు. ఒక పేజీకి అంతసేపు పట్టదు. రెండోసారి చదువుతున్నాడని రేణుకి అర్థమైంది.

"డాడ్. గట్టిగా చదువు."

అతను చదవలేదు. పేజీ మీద అరచెయ్యి కప్పి, కూతురి ముఖంలోకి చూశాడు.

"అరవై ఆరులో మేం నేపుల్స్‌లో ఓడ మారామని చెప్పాను కదూ. మారలేదమ్మా. దిగాల్సి వచ్చింది. మీ అమ్మకి ఎనిమిదో నెల. అక్కడి ఆసుపత్రిలో చేర్చాం." పేజీ మీంచి అరచెయ్యి తీశాడు. "రేణూ, నీకు అన్నయ్య ఉన్నాడు."

బస్సు కదిలింది. కిటికీలోంచి ఒహాయో ముసలావిడ వాళ్ళని చూసి చెయ్యి ఊపింది, తర్వాత ఊపడం మానేసింది.

రేణు ఆ మాటని మనసులో తిప్పి చూసుకుంది. తెలుగులో క్రియలు తనకి సరిగా రావని స్నేహితులు వెక్కిరిస్తారు. జరిగిపోయినదానికీ జరుగుతున్నదానికీ తేడా తప్పుతుంటుంది. నాన్నకి తప్పదు.

"ఉన్నాడా, డాడ్?" అంది. "ఉండేవాడా?"

శ్రీధర్ లేచి నిలబడ్డాడు. నోట్‌బుక్ మూసి చంకన పెట్టుకుని, జేబులోంచి పర్సు తీశాడు. ముందు ఆ ఆసుపత్రికి వెళ్దాం, నేపుల్స్ వెళ్ళే రైలుకి మూడు టికెట్లు తీసుకుందాం పదండి అన్నాడు.